అవ్వకు పని చెప్పడం: బహ్రెయిన్‌లో ఎనిమిది రోజులు

బహ్రెయిన్‌లో చూడవలసినవి పదకొండు ఉన్నాయని వెళ్ళే ముందు ఒక పట్టిక రాసుకున్నాను. కోట, ముత్యాల వర్తకుల పాత ఇళ్ళు, ఎడారిలో ఒంటరిగా నిలబడ్డ చెట్టు, ఇంకా అలాంటివి. తిరిగొచ్చాక చూసుకుంటే టిక్కు పడినవి రెండు. అందులో ఒకటి విమానాశ్రయం. ఈ యాత్ర చాలావరకు ఒక వంటగదిలో జరిగింది. కోట సంగతులు కావలసినవాళ్ళు ఇక్కడితో ఆగిపోతే నేనేమీ అనుకోను.

నేను హైదరాబాదులో వాల్వులు తయారుచేసే కర్మాగారంలో నాణ్యత పరిశీలకుణ్ణి. మూడేళ్ళ క్రితం మా కంపెనీకి ఒక ఫ్రెంచి కంపెనీతో ఒప్పందం కుదరబోతోందన్నారు. ఆ ఆశతో ఎనిమిది నెలలు ఫ్రెంచ్ నేర్చుకున్నాను. ఒప్పందం వేరేవాళ్ళకి పోయింది, ఫ్రెంచ్ నా దగ్గర ఉండిపోయింది. దానితో ఎవరికీ ఏ పనీ పడలేదు, రాజేశం బావ ఫోన్ చేసేదాకా.

రాజేశం బావ మా సుజాతక్క భర్త. జగిత్యాల పక్క పల్లె. బహ్రెయిన్‌లో ఎనిమిదేళ్ళు కట్టడాల దగ్గర ఇటుకలు మోసి, నడుము పోగొట్టుకుని, చివరికి బుదైయాలో ఒక ఫ్రెంచి మేడం ఇంట్లో వంటవాడిగా కుదిరాడు. మూడేళ్ళుగా నీడపట్టున పని. మేడం ఆయనతో ఇంగ్లీషు, హిందీ కలిపి మాట్లాడుతుంది. ఈ మధ్య ఆవిడ తల్లి, డెబ్బై ఎనిమిదేళ్ళ ఓడిల్ గారు, ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ఆమెకి ఫ్రెంచ్ తప్ప ఇంకేమీ రాదు. ఇంతలో మేడంకి రెండు వారాలు ఊరు వెళ్ళే పని పడింది. వెళ్తూ వెళ్తూ బావకి ఒక మాట చెప్పింది. వచ్చే నెల నీ వీసా అయిపోతుంది, అమ్మకి నీతో కుదిరితే రెన్యువల్ చేయిస్తాను, కుదరకపోతే ఫ్రెంచ్ వచ్చిన మనిషిని చూసుకోవాలి.

"కుదురుడంటే ఎట్ల బామ్మర్ది? నాలుగు దినాలాయె, ఇద్దరం మూగోళ్ళ లెక్క తిరుగుతున్నం," అన్నాడు బావ ఫోన్లో. "ఈ కొలువు పోతే మళ్ళ లేబర్ క్యాంపుకే. ఈ నడుము ఇంక ఒక్క ఇటుక మొయ్యది. నీ ఫ్రెంచ్ ఊకె పడి ఉన్నది గద, పట్టుకొని రా."

మేడం కూడా ఫోన్లో సరేనంది. నాకు వీసా వచ్చింది. ఫ్రెంచ్ పట్టుకుని వెళ్ళాను.

ముహర్రక్‌లో సేమియా

విమానాశ్రయం ముహర్రక్ దీవిలో ఉంది. నన్ను తీసుకెళ్ళడానికి మేడం ఇంటి డ్రైవరు యూసుఫ్ భాయ్ వచ్చాడు. బోధన్ ఆయన సొంత ఊరు. నా చేతిలో లామినేషన్ చేయించిన కాగితాల గొట్టం చూసి, అదేమిటని అడిగాడు. ఓడిల్ గారు ఇంట్లో ఏయే పనులు అడగవచ్చో ఊహించి, ఫ్రెంచ్‌లో, తెలుగు ఉచ్చారణలో, చేయవలసిన పనితో సహా తయారుచేసిన పట్టిక అని చెప్పాను. మొత్తం ఇరవై రెండు వాక్యాలు.

"ఇరవై రెండా?" ఆయన కారు నెమ్మదిగా నడిపాడు, బహుశా జాలితో. "భాయ్, నేను పన్నెండేండ్లు, నాకు వీసా ఇచ్చిన పాత కఫీల్‌తోని రెండే మాటలు మాట్లాడిన. యల్లా, ఖలాస్. యల్లా అంటే బండి నడిచేది, ఖలాస్ అంటే ఆగేది. నడిమిట్ల బతుకు ఎల్లిపోయింది."

దారిలో ఒక చిన్న హోటలు దగ్గర ఆపి బలాలీత్ తినిపించాడు. తియ్యటి సేమియా, యాలకుల వాసన, దాని మీద దుప్పటి కప్పినట్టు ఒక ఆమ్లెట్. మన దగ్గర పెళ్ళిలో ఇలా వడ్డిస్తే వంటవాళ్ళు ఊరు దాటి పోలేరు. కానీ సగం తినేసరికి ఆమ్లెట్ లేని సేమియా ఎందుకో బోసిగా అనిపించింది. కరక్ చాయ్ నూరు ఫిల్సులు. రెండు తాగాను. మా ఊరివాళ్ళందరూ నేను దుబాయి పోయాననే అనుకుంటున్నారని చెబితే యూసుఫ్ భాయ్ నవ్వాడు. ఆయన ఊళ్ళో కూడా ఇన్నేళ్ళుగా అంతేనట.

బుదైయా, ఫ్రిజ్ తలుపు

బుదైయాలో తోటలు, తోటల మధ్య విల్లాలు. మేడం విల్లా వెనక బావ గది. వెళ్ళగానే పట్టిక ఫ్రిజ్‌కి అంటించాను. వంట, గిన్నెలు, బట్టలు, చెత్త అని నాలుగు భాగాలు, ఒక్కోదానికి ఒక్కో రంగు.

బావ మొదటి వాక్యం కూడబలుక్కున్నాడు. "తు... ప్యు... సోర్తీర్... లా పుబెల్... సిల్ తె ప్లే. ఏందిది?"

"చెత్త బయట పెట్టగలవా, దయచేసి."

"గింత పొడుగా? మా మేస్త్రీ అయితే చెత్త దిక్కు చూసేటోడు. గంతే."

ఆయన మాటలో నిజముంది. మన ఇళ్ళలో 'దయచేసి' అనే మాటకి చోటు లేదు. మా అమ్మ ఎప్పుడైనా "దయచేసి బట్టలు ఆరెయ్యి" అంటే నేను ముందు చేసిన తప్పేమిటో వెతుక్కుంటాను. మన మర్యాదంతా 'కొంచెం' అనే మాటలోనూ, చివర్లో వచ్చే 'బిడ్డా'లోనూ, గొంతు వంపులోనూ సర్దుకుంటుంది. ఫ్రెంచివాళ్ళు సొంత మొగుణ్ణి ఉప్పు అందించమన్నా, నీకు వీలవుతుందా అని అడుగుతారు.

మర్యాద రూపాలు రెండున్నాయని, పెద్దావిడని మీరు అనాలని పట్టికలో అదనంగా ఒక వరుస కూడా పెట్టాను. ఓడిల్ గారు ఫ్రిజ్ దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, అంతా చదివి, ఆ వరుస మీద పెన్నుతో గీత కొట్టేసింది. వంటింట్లో అందరూ నువ్వేనట. నాకు ఇబ్బందిగా అనిపించింది గానీ బావకేమీ అనిపించలేదు. ఆయన వాళ్ళ అవ్వని పుట్టినప్పటినుంచీ నువ్వనే అంటున్నాడు.

ఆ సాయంత్రానికి బావ పదహారు వాక్యాలు గుర్తుపట్టగలిగాడు. ఒక్కటే లోపం. ఓడిల్ గారు వాటిలో ఒక్కటీ వాడలేదు.

గిన్నె లాగుడు

ఆమె ఏ పనీ అడగదు. లేచి తనే చేస్తుంది. అది బావ భరించలేడు.

బుధవారం ఉదయం ఆమె చీపురు అందుకుంది. బావ పరుగున వచ్చి లాక్కున్నాడు. ఆమె కప్పు కడగబోయింది. కప్పు మాయమైంది. ఆమె పూలకుండీకి నీళ్ళు పోద్దామని చెంబు వెతికేసరికి కుండీ తడిసి ఉంది. తొమ్మిది నుంచి పన్నెండు లోపల ఇలాంటివి పద్నాలుగు లెక్కపెట్టాను.

మధ్యాహ్నం ఆమె పెద్ద గాజు గిన్నెలో సలాడ్ ఆకులు కలుపుతోంది. బావ "వద్దు, వద్దు, నువ్వు కూసో" అంటూ గిన్నె అవతలి అంచు పట్టుకున్నాడు. ఆమె ఇవతలి అంచు వదల్లేదు. ఇద్దరూ చిరునవ్వుతోనే ఉన్నారు, అదే భయంగా ఉంది. గిన్నె ఒకసారి అటు, ఒకసారి ఇటు వెళ్ళింది. నేను రాజీ కుదర్చడానికి మధ్యలో దూరాను. సరిగ్గా అప్పుడే ఓడిల్ గారు ఉన్నట్టుండి చేతులు వదిలేసింది.

గిన్నె పగల్లేదు, ఆకులన్నీ నా మీద పడ్డాయి. ఆవాల ముద్ద, వెనిగర్ కలిపిన నూనె చెవిలోకి పోతే ఎలా ఉంటుందో రాసే భాష నాకు రాదు.

ఆమె తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "జె న స్వీ పా మలాద్," అంది. నేనేం జబ్బుదాన్ని కాదు. తర్వాత నా వైపు తిరిగి, చాలా మర్యాదగా, ఆదివారానికి పారిస్ టికెట్ ఏదైనా ఉందేమో చూడగలవా, నీకు ఇబ్బంది లేకపోతే, అని అడిగింది.

ఆ ఇంట్లో ఆమె చేసిన మొదటి విన్నపం అది. నా పట్టికలో లేదు.

"ఏమన్నది?" అన్నాడు బావ.

చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నేనేం తప్పు చేసిన్రా? పువ్వుల్ల పెట్టి చూసుకుంటున్న గద!"

అదే తప్పని అప్పటికి నాకూ తెలియలేదు. టికెట్ల వివరాలు ధర, ప్రయాణ కాలం, కిటికీ సీటు, మధ్యలో ఆగే చోట్లు అన్నీ కలిపి పట్టికగా తయారుచేస్తున్నానని ఓడిల్ గారికి చెప్పాను. అబద్ధం కాదు. పూర్తిచెయ్యడం మాత్రం ఆలస్యం చేశాను.

జిదాఫ్స్ చేపల బజారు

గురువారం ఉదయం చేపలకి జిదాఫ్స్ వెళ్ళాం, చూడవలసినవాటిలో నాకు టిక్కు పడిన రెండోది అదే. ఓడిల్ గారు కూడా వస్తానంది. ఆ ఊరేగింపు ఎలా ఉందంటే, ముందు యూసుఫ్ భాయ్ ఆమె మీద గొడుగు పట్టుకుని, వెనక బావ రెండు చేతులకీ నాలుగు సంచులు, ఆ వెనక నేను ఆమె చేతిసంచితో. ఆమె కొత్తిమీర కట్ట ఒకటి పట్టుకుంటే బావ మోచేత్తోనే దాన్ని తీసేసుకున్నాడు. ఆమె గట్టిగా నిట్టూర్చింది.

చేపల దుకాణం పెద్దాయన బహ్రెయినీ. మంచుమీద హమూర్లు, సాఫీలు వరసగా పేర్చి ఉన్నాయి. ఓడిల్ గారు ఒక హమూర్‌ని వేలితో చూపింది. బేరం చేతి వేళ్ళతో జరిగింది. నాలుగున్నర దీనార్ల దగ్గర తేలింది. అప్పుడే పెద్దాయనకి ఫోన్ మోగింది. ఆయన ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, తడి తడిగా ఉన్న ఆ చేపని ఓడిల్ గారి చేతుల్లో పెట్టి, కాస్త పట్టుకోమని తలూపి, ఫోన్ తీశాడు.

బావ ఒక అడుగు ముందుకు వేశాడు. సంచులతో చేతులు ఖాళీగా లేవు కాబట్టి లాక్కోలేకపోయాడు.

పెద్దాయన ఫోన్ నాలుగు నిమిషాలు సాగింది. ఓడిల్ గారు రెండు చేతులా చేపని పట్టుకుని నిలబడింది. చేప జారింది, గడ్డంతో అదిమి పట్టింది. కొత్త జాకెట్టు మీద పొలుసులు. ఆమె నవ్వుతోంది. వచ్చినప్పటి నుంచి ఆమె ఇంత మనసారా నవ్వడం నేను చూడలేదు. ఫోన్ అయ్యాక పెద్దాయన చేప తీసుకుని "షుక్రన్, హజ్జియా" అని, పెద్దావిడకి చెప్పే తీరులో థాంక్స్ చెబితే, ఆమె తలవంచి ఆ మాట అందుకుంది.

పక్కనే చాయ్ తాగుతూ, అంత సంతోషం ఎందుకని అడిగాను. ఆమె జేబురుమాలుతో పొలుసులు ఏరుకుంటూ చెప్పింది. "నేను వచ్చి పన్నెండు రోజులు. నన్ను ఒకరు ఏదైనా చెయ్యమని అడగడం ఇదే మొదటిసారి. మా ఇంట్లో మొగుడు, పిల్లలు, వచ్చిన చుట్టం, అందరికీ ఏదో ఒక పని చెబుతాం. ఏమీ చెప్పలేదంటే తొందరగా వెళ్ళిపొమ్మని అర్థం."

ఆ ఒక్క మాటతో బుధవారం నాటి లెక్కంతా తలకిందులైంది. మన ఇళ్ళలో కూడా పెద్దవాళ్ళు పని చేస్తారు. మా నానమ్మ అడక్కుండానే చింతపండు ముందేసుకుని గింజలు తీస్తుంది. "నీకెందుకే ఈ పని, లే" అంటాం. అంటూనే ఇంకో దోసెడు ముందు పెడతాం. ఆమె మన చెయ్యి తోసేస్తుంది. వద్దనడం మన మర్యాద, వినకపోవడం ఆమె మర్యాద. బావ గిన్నె లాగింది ఓడిల్ గారు తన చెయ్యి మీద ఒకటి వేసి మళ్ళీ గిన్నె లాక్కుంటుందని. ఆమె ఆ 'వద్దు'ని నిజంగా వద్దనే అనుకుని చెయ్యి వదిలేసింది.

నా పట్టికలో వాక్యాలు సరైనవే. వాటిని పలకవలసిన మనిషే వేరు.

గలాలీ ఒడ్డున

శుక్రవారం పొద్దున ఓడిల్ గారు ఫ్రాన్స్‌లోని చెల్లెలితో గంటలకొద్దీ ఫోన్లో మాట్లాడుతుంది. ఆ వేళ యూసుఫ్ భాయ్ మమ్మల్ని గలాలీ తీసుకెళ్ళాడు. సముద్రం ఒడ్డున ఒక తిరగేసిన పడవ, దాని నీడలో మేం ముగ్గురం, ఒక సంచి ఉల్లిగడ్డలు.

సంగతి చెప్పగానే బావ చెవులు మూసుకున్నాడు. "పెద్దమనిషికి నేను పని చెప్పుడా? ఆమె ఇంట్ల, ఆమె కూతురు పైసలు తిని, ఆమెకే? నోట్లెకెల్లి మాట రాదు బామ్మర్ది. మా అవ్వకు తెలిస్తే చెప్పు అందుకుంటది."

"టికెట్ ఆదివారానికి అడిగింది బావా."

ఆయన సముద్రం వైపు తిరిగాడు. చివరికి మా అక్కకి వీడియో కాల్ చేశాను. అంతా విని అక్క అడిగింది. "ఇంటికి వచ్చినప్పుడు నాకు చెప్తలేడా? నీళ్ళు తే, తువ్వాల తే, చార్జర్ యాడ వెట్టినవ్? గప్పుడు నోరు మంచిగనే వస్తది."

"అది వేరే," అన్నాడు బావ.

"ఏం వేరే? గా సిల్ తె ప్లే అన్నది నాకూ నేర్పు తమ్మీ. ఇగ నుంచి గది అంటెనే నీళ్ళు ఇస్త."

యూసుఫ్ భాయ్ పడి పడి నవ్వాడు. తర్వాత తలకి రుమాలు చుట్టుకుని, పడవ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, తనే ఓడిల్ గారినన్నాడు. గడ్డం మాత్రం సరిపోలేదు.

అభ్యాసం మొదలైంది. బావకి వాక్యం నోటికి వచ్చేసింది. "తు ప్యు మెదే, సిల్ తె ప్లే?" కొంచెం సాయం చేస్తావా? ఇబ్బంది తర్వాతే. అడగ్గానే ఆయన చేతులు వాటంతటవే ఉల్లిగడ్డ ఒలవడం మొదలుపెట్టేవి. అవతలి మనిషి జవాబు చెప్పేలోపు పని అయిపోయేది. రెండోసారీ అంతే. మూడోసారి యూసుఫ్ భాయ్ ఒకటి అందుకోబోతే బావ లాక్కున్నాడు.

"అరే రాజేశం! నీ మేడం అమ్మని నేను! ఇయ్యి నాకు గడ్డ!"

"అలవాటు పాడుగాను," అన్నాడు బావ.

ఎనిమిదోసారి నేను బావ రెండు చేతులూ ఆయన తువ్వాలుతోనే వెనక్కి కట్టేశాను. అప్పుడు అడిగాడు, యూసుఫ్ భాయ్ ఒలిచాడు. వల సర్దుకుంటున్న ఒక బహ్రెయినీ జాలరి చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. చేతులు కట్టిన మనిషి, రుమాలు చుట్టుకున్న గడ్డపాయన, పక్కన నోట్‌బుక్‌లో అంకెలు వేస్తున్న నేను. ఆయన ఏమీ అడక్కుండా వల తీసుకుని ఇంకో వైపు వెళ్ళిపోయాడు.

పదిహేడు ప్రయత్నాల్లో చేతులు విప్పి నెగ్గినవి నాలుగు. మా కర్మాగారంలో అయితే ఆ సరుకు వెనక్కి పంపేస్తాం. ఇక్కడ వేరే సరుకు లేదు.

మళ్ళీ బుదైయా

ఆ మధ్యాహ్నమే ఓడిల్ గారు వంటగది గుమ్మంలో కనిపించింది. బావ ఉల్లిగడ్డల పళ్ళెం పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. పళ్ళెంలో గడ్డలు గలగలమంటున్నాయి. కళ్ళు మూసుకుని, గుడిలో నిలబడ్డట్టు తల వంచి, అడిగేశాడు.

"తు ప్యు మెదే, సిల్ తె ప్లే?"

ఓడిల్ గారు ఆయన్ని చూసింది, పళ్ళేన్ని చూసింది. "అవెక్ ప్లెజీర్," అని, సంతోషంగా చేస్తానని, కుర్చీ లాక్కుని కూర్చుంది. బావ కళ్ళు తెరిచేసరికి ఒకటి ఒలిచేసింది కూడా. ఆయన చేతులు ముందుకు వచ్చాయి. నేను దగ్గాను. చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. అలాగే పది నిమిషాలు నిలబడ్డాడు, చలికి వణికేవాడిలా, ఎండాకాలంలో.

ఆ సాయంత్రం ఆమె టికెట్ల పట్టిక సంగతి అడగలేదు. నేను గుర్తు చెయ్యలేదు.

శనివారానికి వాళ్ళిద్దరికీ నా అవసరం తగ్గిపోయింది. బావ అడిగితే ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీసేది. ఆమె అడిగితే బావ ఆమె ఊలు ఉండకి చేతులు చాపేవాడు. ఆమెకి మన పప్పుచారు నచ్చింది, ఇంగువ వాసన మాత్రం కిటికీ తెరిచాక నచ్చింది. ఆమె నేర్పిన ఉల్లిగడ్డ సూప్‌లో బావ దొంగతనంగా పచ్చిమిర్చి వేశాడు. ఆమె రెండోసారి పెట్టించుకుంది.

సాయం అడగడం ఇంత మంచి ఫలితమిస్తుందని తెలిశాక ఇద్దరూ కలిసి నన్ను అడగడం మొదలుపెట్టారు. తు ప్యు మూకుడు తోమగలవా, తు ప్యు చెత్త పెట్టగలవా, తు ప్యు బల్ల తుడవగలవా. అంత మర్యాదగా అడిగితే కాదనడం కష్టం. ఆది, సోమవారాల్లో నేను తోమిన గిన్నెలు నలభై ఒకటి. కోటకి యూసుఫ్ భాయ్ ఒక్కడే వెళ్ళొచ్చి ఫోటోలు చూపించాడు.

ఎనిమిదో రోజు

మంగళవారం పదకొండింటికి మేడం రావాలి. పదీ ఇరవైకే వచ్చేసింది.

వంటగదిలో ఆ క్షణాన ఉన్న పరిస్థితి ఇది. డెబ్బై ఎనిమిదేళ్ళ ఓడిల్ గారు మోకాళ్ళ మీద కూర్చుని పొయ్యి కింది అర సర్దుతోంది. నెల జీతం తీసుకునే రాజేశం బావ కుర్చీలో కూర్చుని, ఆమె కలిపిన కేకు పిండి రుచి చూస్తున్నాడు, ఆమె చూడమని అడిగింది కాబట్టి. పెట్టె తోసుకుంటూ వచ్చిన మేడం గుమ్మం దగ్గర ఆగిపోయింది.

బావ లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది. ఆయన మొహంలో రంగు లేదు. ఎనిమిదేళ్ళ ఇటుకలు, నడుము, వచ్చే నెల వీసా, అన్నీ ఆ మొహంలో ఒక్కసారే కనిపించాయి. వంగి ఓడిల్ గారి చేతిలోని మూకుడు పట్టుకున్నాడు. "నువ్వు లే, నువ్వు లే..."

ఈసారి ఓడిల్ గారు వదల్లేదు. ఆయన చెయ్యి మీద చిన్నగా ఒకటి వేసింది, మూకుడు తనే అరలో పెట్టింది. ఆ తర్వాత అదే చెయ్యి పట్టుకుని లేచింది.

"అమ్మా, ఏమిటిది?" అంది మేడం ఫ్రెంచ్‌లో. "నువ్వు పని చేస్తుంటే ఆయన కూర్చున్నాడా?"

"అవును. నేను అడిగాను, ఆయన కూర్చున్నాడు. ఆయన అడిగాడు, నేను సర్దాను. నేను చలికాలం అయ్యేదాకా ఇక్కడే ఉంటున్నాను."

మేడం తల్లి వైపు చూసింది, బావ వైపు చూసింది, సబ్బు నురగలో మోచేతుల దాకా మునిగి ఉన్న నా వైపు చూసింది. "అయితే ఆయన్ని ఉంచమంటావా?"

"నన్నెందుకు అడుగుతావు? ఆయన్ని అడుగు. ఈ వంటింట్లో అడిగే పద్ధతిలో అడుగు."

మేడం ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత బావ వైపు తిరిగి, నెమ్మదిగా, ప్రతి మాటా విడదీసి అడిగింది. "తు వ్యు బ్యాఁ రెస్తే అవెక్ ను, సిల్ తె ప్లే?"

బావ నా వైపు చూశాడు. "ఏం తెమ్మంటుంది?"

"ఏమీ తెమ్మనట్లేదు బావా. మా దగ్గర ఉంటావా అని అడుగుతోంది. దయచేసి అంటోంది."

పడిపోయిన కుర్చీ లేపి నిలబెట్టాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, మేడం వైపు తిరిగి, తెలుగులోనే చెప్పాడు.

"ఉంట మేడం. ఎందుకుండ? కొంచెం గా బూట్లు బయట ఇడిసి రాండ్రి. ఇప్పుడే తుడిచిన."

దీన్ని నేను అనువదించలేదు. మేడం ఆయన చూపుడు వేలి వైపు చూసింది, తన బూట్ల వైపు చూసింది. గుమ్మంలోనే పెట్టె మీద కూర్చుని లేసులు విప్పడం మొదలుపెట్టింది.